ఉష్ణము – ఉష్ణోగ్రత

అగ్నితో మానవునకు గల చెలిమి మిక్కిలి ప్రాచీనమైనది. అన్నము వండుకొనుట, కుండలను కాల్చుట, ఇనుమును సాగగొట్టుట మున్నగు పనులన్నియు దాని సాయముననే జరుగుచు వచ్చినవి. ఇంత దీర్ఘకాలము వేడిని వాడుకొనినను, వేడి యనగా నేమియో స్పష్టముగా గ్రహించి మూడు వందల సంవత్సరములైన కాలేదు. ఇందులకు కారణము లేకపోలేదు. వేడి చేతికి తగులునది. కావున దానిని గూర్చి తమకు సర్వము తెలియునని ప్రతివారును తలంతురు. బడిలో అడుగు పెట్టక పూర్వమే పిల్లలు ఈ విషయమున కొన్ని నిశ్చయములు చేసికొందురు. పాఠమును చదివి, పరీక్షయందు సరిగా వ్రాసిన పిమ్మట సైతము ఆ పాత నిశ్చయములు మనస్సులో చెక్కుచెదరక నిలిచియుండును. అట్టివానిలో ముఖ్యమైనవానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి చిక్కు మన మాటలలోనే యున్నది. నిప్పు వేడి, కాగిన పాలు వేడి, జ్వరము వచ్చిన ఒడలు వేడి అందుము. మామిడిపండు వేడి చేయుననియు, మజ్జిగ చలువ చేయుననియు పెద్దలు చెప్పుదురు. కుండలోని చల్లని నీటిలో నానవేసిన మామిడిపండును ఉష్ణమాపకముతో పరీక్షించినచో అది ఆ నీటివలెనే చల్లగా నుండును. ఆహారము శరీరమునకు చేయు గుణమును గూర్చి వైద్యములో వచ్చిన ఆ వాడుక వేఱు, భౌతికశాస్త్రములోని వేడి వేఱు. ఒక్క మాటను ఇన్ని అర్థములలో వాడుట సంభాషణలో దోషము కాదు. శాస్త్రములో మాత్రము ప్రమాదకరము. అందువలననే శాస్త్రజ్ఞులు ‘ఉష్ణము’, ‘ఉష్ణోగ్రత’ అను రెండు మాటలను వేఱుపఱచిరి. ఈ రెండును ఒక్కటే యని తలచుటయే తక్కిన పొరపాటులకెల్ల మూలము.

దీపావళినాడు పిల్లలు కాకరపువ్వొత్తులు కాల్చుదురు. వాని నుండి రాలు రవ్వల ఉష్ణోగ్రత వేయి డిగ్రీల వఱకు ఉండవచ్చును. అయినను అవి చేతిమీద పడినప్పుడు చురుక్కుమని వెంటనే చల్లారిపోవును. స్నానమునకై తోడిన నీరు ఏబది డిగ్రీలు మాత్రమే యుండును. ఈ రెంటిలో దేనియందు ఎక్కువ వేడి గలదని అడిగినచో, రవ్వయందే యని పెక్కుమంది చెప్పుదురు. లెక్క వేసి చూతము. ఒక గ్రాము నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ వేడిచేయుటకు వలయు ఉష్ణమును ఒక కెలోరి యందురు. ఇనుమునకు అందులో సుమారు తొమ్మిదవ వంతు చాలును. రవ్వ ఒక మిల్లీగ్రాము తూగుననుకొందము. అది వేయి డిగ్రీలు చల్లారునప్పుడు విడిచిపెట్టు ఉష్ణము ఇంచుమించు కెలోరిలో పదవ వంతు మాత్రమే. పది లీటర్ల నీరు ఏబది డిగ్రీల నుండి ముప్పది డిగ్రీలకు చల్లారునప్పుడు 2,00,000 కెలోరీలు వెలువడును! రవ్వకు ఉష్ణోగ్రత యెక్కువ, అది ఈయగల ఉష్ణము అత్యల్పము. నీటికి ఉష్ణోగ్రత తక్కువ, అది ఈయగల ఉష్ణము అధికము. ఒక హెచ్చరిక యిచట అవసరము. కాల్చి పాఱవేసిన కాకరపువ్వొత్తి కమ్మికి ఎఱుపు పోయినను, అది రవ్వకంటె ఎన్నో రెట్లు బరువైనది. కావున అందు నిలిచియున్న ఉష్ణము పాదమును బొబ్బలెక్కించును. ఆ కమ్ములను నీళ్ళబొక్కెనలో వేయవలయునని చెప్పుట ఇందులకే.

ఈ భేదమును మఱియొక విధముగ తెలిసికొనవచ్చును. ఊరి చెఱువులో నీరు విస్తారముగా నున్నది. మేడమీది తొట్టిలో నీరు కొంచెమే యున్నది. గొట్టముతో ఈ రెంటిని కలిపినచో నీరు చెఱువు నుండి తొట్టికి ఎక్కదు. తొట్టి నుండియే చెఱువునకు దిగును. నీరు ఎటు ప్రవహించునను విషయమును నిర్ణయించునది పరిమాణము కాదు, మట్టము. అట్లే ఉష్ణము ఎటు ప్రవహించునో నిర్ణయించునది ఉష్ణోగ్రత. రెండు వస్తువులను తాకించినప్పుడు ఉష్ణము ఎక్కువ ఉష్ణోగ్రత గల వస్తువు నుండి తక్కువ ఉష్ణోగ్రత గల వస్తువునకు పోవును. రెంటి ఉష్ణోగ్రతలు సమానమగు వఱకు ఈ ప్రవాహము జరుగును. పిమ్మట ఆగిపోవును.

ఉష్ణోగ్రత మట్టము వంటిదని తెలిసినచో ఇంకొక పొరపాటు తనంతట తొలగిపోవును. నలుబది డిగ్రీల నీరు గల చెంబులు రెండింటిని ఒక గంగాళములో పోసినచో ఎన్ని డిగ్రీలగును? ఎనుబది యని చెప్పు విద్యార్థులు ప్రతి తరగతిలోను ఉందురు. మోకాలి లోతు నీరు గల రెండు కాలువలు కలిసినంత మాత్రమున లోతులను కూడి చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే. రెండు చెంబుల నీరు కూడినప్పుడు నీరు రెట్టింపగును, అందలి శక్తియు రెట్టింపగును, ఉష్ణోగ్రత నలుబది డిగ్రీలుగనే యుండును.

ఇక చేతి స్పర్శను గూర్చి విచారింతము. మూడు గిన్నెలు తీసికొని ఒకదానిలో చల్లని నీరు, ఒకదానిలో ఓర్వగలిగినంత వేడినీరు, నడిమిదానిలో గోరువెచ్చని నీరు పోయుడు. ఒక చేతిని చల్లనీటిలోను, రెండవ చేతిని వేడినీటిలోను కొంతసేపు ఉంచి, పిమ్మట రెండు చేతులను నడిమి గిన్నెలో ముంచుడు. ఒక చేతికి ఆ నీరు వేడిగాను, రెండవ చేతికి అదే నీరు చల్లగాను తోచును. ఒకే నీటిని గూర్చి ఒకే మనిషి రెండు చేతులు రెండు సాక్ష్యములు చెప్పుచున్నవి. జాన్ లాక్ అను ఆంగ్ల తత్త్వవేత్త 1690 నాటికే ఈ వింతను తన గ్రంథమున చర్చించెను. దీనినిబట్టి చేయి ఉష్ణమాపకము కాదని తెలియుచున్నది. చర్మము తెలిసికొనునది వస్తువు యొక్క ఉష్ణోగ్రతను మాత్రమే కాదు. తన నుండి ఉష్ణము ఎంత వడిగా పోవుచున్నదో, తనలోనికి ఎంత వడిగా వచ్చుచున్నదో దానిని గూడ.

సంక్రాంతి దినములలో తెల్లవాఱుజామున ఇత్తడి చెంబును, దాని ప్రక్కనే యున్న చెక్కపీటను తాకి చూడుడు. చెంబు చలిగాను, పీట అంత చలి లేకుండగను తోచును. లోహములు స్వభావముచేతనే చల్లనివని దీనినిబట్టి పలువురు నిశ్చయింతురు. రాత్రి యంతయు ఒకే గదిలో నున్న ఆ రెండు వస్తువుల ఉష్ణోగ్రతయు ఒక్కటే. ఉష్ణమాపకము ఈ సంగతిని రుజువు చేయును. లోహము ఉష్ణమును త్వరగా ప్రసరింపజేయును గనుక అరచేతిలోని ఉష్ణమును గబగబ లాగికొనును. చెక్క ఆ పనిని మెల్లగా చేయును. లోహము సహజముగ చల్లనిదే యగునేని వేసవి మధ్యాహ్నమున కూడ చల్లగనే యుండవలెను గదా! ఏబది డిగ్రీల వేడి గల రేకుల కొట్టులో ఉంచిన ఇత్తడి చెంబును తాకుడు. అప్పుడు అది పీటకంటె ఎక్కువగా చుఱ్ఱుమనిపించును. చలికాలమున మన ఉష్ణమును వడిగా తీసికొనిన లోహమే ఎండకాలమున తన ఉష్ణమును వడిగా మనకిచ్చుచున్నది.

కంబళి వెచ్చదనము నిచ్చుననుట మఱొక భ్రాంతి. ఉష్ణమాపకమునకు కంబళి చుట్టి ఒక గంటసేపు గదిలో ఉంచినను అది చూపు అంకె మారదు. కంబళిలో ఉష్ణము పుట్టదు. దాని పోగుల నడుమ చిక్కుకొనిన గాలి ఉష్ణమును సులభముగా దాటనీయదు. మన శరీరములో పుట్టిన ఉష్ణమును వెలికి పోనీయక అది అడ్డగించుచున్నది. లోని వేడిని వెలికి పోనీయనిది వెలుపలి వేడిని లోనికి రానీయదు. కనుకనే మంచుగడ్డలు అమ్మువారు వానిని ఊకలో కప్పి గోనెపట్టలు చుట్టుదురు. ఊక చల్లదనము నిచ్చుటలేదు, కంబళి వెచ్చదనము నిచ్చుటలేదు. రెండును కావలివాండ్రు మాత్రమే.

ఈ కావలి యెంత గట్టిదో చరిత్రలో ఒక నిదర్శనము కలదు. అమెరికాలోని బోస్టన్ నగరమునకు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు 1833లో ‘టస్కనీ’ అను ఓడలో సుమారు 180 టన్నుల మంచుగడ్డలను కలకత్తాకు పంపెను. చలికాలమున అచటి చెఱువులపై గడ్డకట్టిన మంచును కోసి, ఓడ అడుగున పలకల గోడల నడుమ ఉష్ణమును దాటనీయని పొట్టు, గడ్డి దట్టించి భద్రపఱచిరి. నాలుగు మాసముల ప్రయాణములో ఓడ భూమధ్యరేఖను రెండు మార్లు దాటినను, కలకత్తా చేరునప్పటికి ఇంచుమించు 100 టన్నుల మంచు మిగిలియుండెను. మద్రాసు సముద్రతీరమున 1842లో ఇట్టి మంచును నిలువచేయుటకై ఒక గృహమును నిర్మించిరి. స్వామి వివేకానంద 1897లో కొన్ని దినములు బస చేసిన భవనము అదియే. నేడది ఆయన పేరనే వెలయుచున్నది.

చలి లోనికి వచ్చుచున్నదని తలుపు మూయుదుము. శాస్త్రదృష్టిలో చలి యను పదార్థము లేదు. వెలుగు లేకుండుట చీకటి యైనట్లే, ఉష్ణము తొలగిపోవుటయే చల్లబడుట. మంచుముక్క వేసిన పానకమునకు మంచు చల్లదనము నిచ్చుటలేదు. పానకమే తన ఉష్ణమును మంచునకు ఇచ్చుచున్నది.

ఇప్పుడు వంటయింటిలోనికి పోదము. అన్నము ఉడుకుచుండగా మంట పెంచినచో త్వరగా నుడుకునని తలంతురు. నీరు కాగువఱకు మంట ననుసరించి ఉష్ణోగ్రత పెరుగును. సముద్రమట్టమున అది 100 డిగ్రీలు చేరి నీరు తెర్లనారంభించిన పిమ్మట, పొయ్యిలో ఎన్ని కట్టెలు పెట్టినను ఆ అంకె దాటదు. ఎక్కువ మంట వలన నీరు ఎక్కువగా ఆవిరియగును, అంతియే. బియ్యము ఉడుకుట నీటి ఉష్ణోగ్రత ననుసరించి యుండును గాని మంట ఎత్తు ననుసరించి యుండదు. పొంగు వచ్చిన తరువాత మంట తగ్గించు గృహిణి కట్టెలను, గ్యాసును పొదుపు చేయుచున్నది. అన్నమునకు లోపము కలుగుటలేదు. ఎత్తైన ప్రదేశములందు గాలి యొత్తిడి తగ్గుటచే నీరు తక్కువ ఉష్ణోగ్రతవద్దనే తెర్లును. హార్స్‌లీ కొండలపై అది సుమారు 96 డిగ్రీలు. కావున అచట పప్పు ఉడుకుట ఆలస్యమగును. ఒత్తిడి పెంచినచో ఇందుకు విరుద్ధముగ జరుగును. డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో మూత బిగించిన పాత్ర నొకదానిని చేసి ఈ సూత్రమును ఉపయోగించెను. నేటి ప్రెషరు కుక్కరు దాని సంతతియే. అందులో నీరు సుమారు 120 డిగ్రీల వఱకు ద్రవముగనే యుండును.

మంట మండుచునే యున్నది. నీటి ఉష్ణోగ్రత పెరుగుటలేదు. మఱి ఆ ఉష్ణము ఎచటికి పోవుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు జోసెఫ్ బ్లాక్. ఇతడు స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ఆ కాలపు పండితులు మంచు కరగుస్థితికి వచ్చిన పిమ్మట మఱి కొంచెము ఉష్ణము తగిలిన చాలును, అంతయు నీరగునని నమ్ముచుండిరి. అదియే నిజమైనచో వసంతకాలపు ఎండ తగిలినంతనే కొండలమీది మంచు ఒక్కమారుగ కరగి, ఊళ్ళను ముంచివేయవలయును గదా యని బ్లాక్ తర్కించెను. 1761 ప్రాంతమున అతడొక ప్రయోగము చేసెను. సమానమైన తూకము గల మంచును, మంచంత చల్లని నీటిని రెండు గాజుబుడ్లలో పోసి ఒకే గదిలో వ్రేలాడదీసెను. నీరు అరగంటలో ఫారన్‌హీటు మానమున 7 డిగ్రీలు వేడెక్కెను. మంచు కరగి ఆ ఉష్ణోగ్రతకే వచ్చుటకు పదిన్నర గంటలు పట్టెను! అంతసేపు గదిలోని గాలి నుండి మంచులోనికి ఉష్ణము పోవుచునే యుండెను. అది ఉష్ణోగ్రతను పెంచుటకు గాక, ఘనమును ద్రవముగ మార్చుటకు వ్యయమయ్యెను. ఉష్ణమాపకమునకు అందక దాగిన ఈ ఉష్ణమునకు గుప్తోష్ణమని పేరు. ఒక గ్రాము మంచు నీరగుటకు సుమారు 80 కెలోరీలు, ఒక గ్రాము తెర్లునీరు ఆవిరియగుటకు సుమారు 540 కెలోరీలు కావలయును. హిమాలయముల మంచు వేసవి పొడుగునను మెల్లమెల్లగా కరగుచు గంగాది నదులను పోషించుటకు ఈ గుప్తోష్ణమే ముఖ్యకారణము.

గుప్తోష్ణము నెఱుగనివారికి వంటయింటిలో ఒక ఆపద పొంచియున్నది. తెర్లునీరును, దాని నుండి వెలువడు ఆవిరియు రెండును 100 డిగ్రీలే. కాబట్టి రెండును సమానముగ కాల్చునని తలంతురు. ఒక గ్రాము తెర్లునీరు చర్మముపై పడి శరీరపు ఉష్ణోగ్రతకు దిగునప్పుడు 63 కెలోరీలు ఇచ్చును. ఒక గ్రాము ఆవిరి నీరుగ మారునప్పుడే 540 కెలోరీలు విడిచి, పిమ్మట ఆ 63 కెలోరీలను గూడ ఇచ్చును. ఇది ఇంచుమించు పది రెట్లు. కావున ఇడ్లీపాత్ర మూతను గాని, కుక్కరు మూతను గాని తీయునప్పుడు ముఖమును దూరముగా నుంచుకొనవలయును.

ఈ గుప్తోష్ణమే వేసవిలో మనలను కాపాడుచున్నది. కూజా రంధ్రముల నుండి చెమ్మగిల్లిన నీరు ఆవిరియగుచు లోని నీటి ఉష్ణమును తీసికొనిపోవును. కావున నీరు చల్లబడును. మన శరీరముపై చెమటయు ఇదే పని చేయును. విసనకఱ్ఱ గాలిని చల్లబఱచునని పెక్కుమంది తలంతురు. తిరుగుచున్న పంఖా క్రింద పొడి ఉష్ణమాపకము నుంచి చూడుడు, అంకె తగ్గదు. గాలి చెమటను త్వరగా ఆరబెట్టుటచే మనకు హాయి కలుగుచున్నది. కోస్తాతీరమున గాలిలో తేమ యెక్కువ. ఆ గాలిలో చెమట ఆరదు. ఉక్కపోసి ప్రాణము విసిగిపోవును. రెంటచింతల, రామగుండము వంటిచోట్ల అంతకంటె ఎక్కువ డిగ్రీలు నమోదైన దినమున సైతము పొడిగాలిలో నీడపట్టున చెమట వెంటనే ఆరును. కాబట్టి ఉష్ణోగ్రత అంకె నొక్కదానినే చూచి అపాయము లేదని ధైర్యపడరాదు. వెలుపలి గాలి శరీరముకంటె వేడిగా నున్నప్పుడు పొడి ఒంటికి విసరుటవలన మేలు లేదు. ఆ గాలి ఉష్ణమును లోనికే చేర్చును. వడదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, ఒడలు తడిపి, పిమ్మట విసరుచు, వెంటనే వైద్యుని పిలిపింపవలయునని చెప్పుట ఇందులకే. జ్వరముతో కాలిపోవుచున్న శిశువును దట్టమైన కంబళ్ళలో బిగించి చుట్టరాదు. కంబళి చేయు పని ఏమియో మనము తెలిసికొంటిమి గదా!

ఇంతకు ఉష్ణమనగా నేమి? ఈ విషయమున పొరబడినవారు బాలురు మాత్రమే కాదు. ఉష్ణము ఒక సూక్ష్మద్రవమనియు, అది వస్తువులలోనికి ప్రవేశించి వెలికి వచ్చుచుండుననియు మహాపండితులే నమ్మిరి. ఆధునిక రసాయనశాస్త్రమునకు పితామహుడైన లవోయిజర్ 1789లో వెలువరించిన గ్రంథమున దీనిని మూలద్రవ్యముల పట్టికలో చేర్చెను. కౌంట్ రమ్‌ఫర్డ్ మ్యూనిక్ నగరమున ఫిరంగిగొట్టములను తొలిపించుచు, ఆ రాపిడివలన పుట్టు వేడిని చూచి ఆశ్చర్యపడెను. మొద్దుబారిన బరమాను గుఱ్ఱములచే త్రిప్పించి, గొట్టము చుట్టును నీరు నింపగా, రెండున్నర గంటలలో నిప్పు లేకయే నీరు తెర్లెను. రాపిడి సాగినంతసేపు వేడి పుట్టుచునే యుండెను. ఎంత తోడినను తరగనిది పదార్థము కాజాలదు, అది చలనమే కావలెనని అతడు 1798లో ప్రకటించెను. పిమ్మట జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అను ఆంగ్లేయుడు 1840 తరువాతి సంవత్సరములలో బరువులను క్రిందికి దిగనిచ్చి, ఆ బలముతో నీటిలో తెడ్లు త్రిప్పించి, పనికిని ఉష్ణమునకును గల లెక్కను నిర్ణయించెను. 427 మీటర్ల ఎత్తు నుండి పడిన నీరు తన వడి నంతయు వేడిగ మార్చుకొనినను, ఒక్క డిగ్రీ మాత్రమే వెచ్చబడును. ఉష్ణము శక్తి యొక్క రూపమని ఈ విధముగ స్థిరపడెను.

వస్తువులన్నియు కంటికి కనబడని అణువులతో కూడియున్నవి. ఆ అణువులు నిరంతరము చలించుచుండును. సగటున అణువొక్కటి ఎంత ఉధృతముగా చలించుచున్నదో తెలుపునది ఉష్ణోగ్రత. అణువులన్నింటి శక్తియు కలిసి ఆ వస్తువు యొక్క అంతరశక్తి. ఉష్ణోగ్రతలలోని భేదము కారణముగ ఒక వస్తువు నుండి మఱొకదానికి ప్రవహించు శక్తియే ఉష్ణము. మంచు కరగునప్పుడు వచ్చిన శక్తి అణువుల కట్టును సడలించుటకే సరిపోవును; కావుననే ఉష్ణోగ్రత పెరుగదు.

విద్యార్థులారా! పైని చెప్పిన పొరపాటులు తెలివిలేమివలన పుట్టినవి కావు. చేతికి తోచినది నిజమని నమ్ముట సహజము. అయితే సహజముగ తోచిన దానిని సైతము పరీక్షించి చూచుటయే శాస్త్రము. ఒక ఉష్ణమాపకము, మూడు గిన్నెలు, ఒక కంబళి, రెండు మంచుముక్కలు చాలును. ఇందలి ప్రయోగములలో పెక్కింటిని మీరు స్వయముగ చేయవచ్చును. ఒక మంచుముక్కను విడిగా నుంచి, మఱియొకదానిని కంబళిలో చుట్టి, ఏది ముందుగ కరగునో మీ తరగతిలోని వారిని ముందుగా చెప్పుమనుడు. పిమ్మట కంబళి విప్పి చూపుడు. కన్నులార చూచిన సత్యము మఱవరానిదై మనస్సులో నిలుచును.